సప్తసంతానములలో తటాకము – దాని పోషణము

మన పెద్దలు మానవునకు సప్తసంతానములు గలవని చెప్పిరి. తనయుడు, తటాకము, దేవాలయము, వనము, అగ్రహారము, నిధి, ప్రబంధము అను నీ యేడును మానవుని యనంతరమున నతని పేరు నిలుపునవి. వీనిలో తనయు డొక్కడే ప్రాణి యనియు, తక్కిన యాఱును జడములనియు పైకి తోచును. కాని విచారించి చూచిన తటాకమును ప్రాణివంటిదే. దేవాలయమున కొక శతాబ్దము పూజ లేకున్నను గోడలు నిలుచును. ప్రబంధము తాళపత్రములలో నిద్రించి యెన్నడో మేల్కొనును. చెఱువు మాత్ర మట్లు గాదు. ఒక్క వర్షకాలము దాని నుపేక్షించితిమేని తూము పూడును, కలుజు కోసికొనిపోవును, కట్టమీద చిల్లచెట్లు వేళ్లు దన్నును, ఎలుకలు బొరియలు చేయును. బిడ్డకువలె చెఱువునకును జననము వేఱు, పోషణము వేఱు.

ఈ మహాసభ సంచికకు చరిత్రవిషయ మేదైన వ్రాయుడని కార్యదర్శులు కోరిరి. వడ్డెర కులమునకును చెఱువునకును గల సంబంధమును మనవారికి వేఱుగ జెప్పబనిలేదు. గడ్డపలుగు, పార, తట్ట మన యింటి యాయుధములు. చెఱువుల యుద్ధరణమునకు ప్రభుత్వములు కోట్లకొలది ద్రవ్యము ప్రకటించుచున్న కాలమిది. ఇది క్రొత్త యాచారము గాదు. దీనికి రెండువేల యేండ్ల చరిత్ర గలదు. ఆ చరిత్రను చదువునపుడు ద్రవ్య మెవరిది, చేతు లెవరివి, ఏటేటి పోషణ మెవరిది యను మూడు ప్రశ్నలను ముందుంచుకొందుము. అట్లు చేసినచో నేడు మనము కోరవలసిన దేమో తేటపడును.

మొదట ద్రవ్యము మాట. సౌరాష్ట్రమున గిరినగరము చెంత సుదర్శన మను మహాతటాక ముండెను. మౌర్య చంద్రగుప్తుని యధికారియగు పుష్యగుప్తుడు దానిని కట్టించెను. అశోకుని కాలమున తుషాస్ఫుడు దానికి కాలువలు సమకూర్చెను. క్రీ.శ. 150 ప్రాంతమున నొక పెనుతుపానున కట్ట తెగెను. గండి 420 మూరల పొడవు, నంతియే వెడల్పు, 75 మూరల లోతు గలదై, నీరెల్ల పోయి, చెఱువు ఎడారివలె నయ్యెనని రుద్రదామ మహాక్షత్రపుని శాసనము చెప్పుచున్నది. గండి పరిమాణమును జూచి మంత్రు లది యసాధ్యమని విముఖులైరి. ప్రజలు హాహాకార మొనర్చిరి. అప్పుడు రాజు క్రొత్తపన్ను వేయక, వెట్టి చేయింపక, తన కోశమునుండియే ధనము వెచ్చించి మునుపటికంటె మూడంతలు దృఢముగ కట్ట వేయించెను. ఆ పనిని నడిపినవాడు సువిశాఖుడను పహ్లవుడు. సంస్కృత గద్యమున వెలసిన తొలి గొప్ప శాసన మొక రాజు యుద్ధవిజయమునకై గాక చెఱువు మరమ్మతునకై పుట్టినదని సంస్కృతము చదివిన వారెల్లరు గర్వింపదగును.

అయినను మూడువందల యేండ్లకు, క్రీ.శ. 455–456 ప్రాంతమున, స్కందగుప్తుని కాలములో నా కట్ట మఱల తెగెను. చక్రపాలితుడు మఱల గట్టించెను. నేడా సరస్సు లేదు. అశోకుని ధర్మలిపులతో పాటు పై రెండు శాసనములను మోయు శిల మాత్ర మున్నది. రాజులు మువ్వురు ధనము గుమ్మరించిరి, ఆ శిలపై వారి పేళ్లు నిలిచినవి, నీరు నిలువలేదు.

కౌటిల్యుని యర్థశాస్త్రమున దీనికి మఱియొక త్రోవ గానవచ్చును. క్రొత్తగ చెఱువును గట్టను నిర్మించినవానికి ఐదేండ్లును, శిథిలమై విడువబడిన దానిని బాగుచేసినవానికి నాలుగేండ్లును, పిచ్చిమొక్కలు పెరిగిన దానిని శుభ్రపఱచినవానికి మూడేండ్లును పన్ను విడిచిపెట్టవలెనని యందు గలదు. ఆపద యేదియు లేకయే యైదేండ్లు వాడుకొననివాడు దానిపై స్వామ్యమును గోల్పోవును. కోశమునుండి యొక్కసారి ధన మిచ్చుట యొక పద్ధతి. బాగుచేయువాని చేతిలోనే యేటేట కొంత ఫలము మిగుల్చుట రెండవ పద్ధతి. ఈ రెంటికి గల భేదమును మనస్సున నుంచుకొని మన సీమకు వత్తము.

పలనాడు మెట్టసీమ. జొన్నయు, సజ్జయు, ప్రత్తియు నిచటి పూర్వపు పంటలు. నాగులేఱు, చంద్రవంక వానకాలమున పొంగి వేసవికి సన్నగిల్లు నేఱులు. మాచర్ల గురిజాల రాజ్యముల వైరమును, కారెంపూడి యుద్ధమును ద్విపదలో వర్ణించిన శ్రీనాథుడే యీ సీమను గూర్చి చాటువులు చెప్పెనని ప్రతీతి. సన్నన్నమునకు, మంచినీళ్లకు మొగమువాచిన యా భోగి చేసిన పరిహాసములను మనము నేటికిని నవ్వుచు వల్లించుకొనుచుందుము. అయితే ఆ శ్రీనాథుడే మన పొరుగున నొక చెఱువునకు శాసనకర్త యయ్యెనన్న సంగతి యెందఱకో తెలియదు.

నరసరావుపేట నుండి గుంటూరునకు బోవు దారిలో ఫిరంగిపురము గలదు. కొండవీటి నేలిన పెదకోమటి వేమారెడ్డి భార్య సూరాంబిక యచట నొక తటాకమును త్రవ్వించి దానికి సంతానసాగర మని పేరిడెను. శాలివాహన శకము 1331, అనగా క్రీ.శ. 1409, విరోధి సంవత్సరమునాటి శాసన మీ విషయమును తెలుపుచున్నది. రాజాస్థానమున విద్యాధికారియైన శ్రీనాథుడు దానిని రచించెను. సప్తసంతానములలో నొకటియగు చెఱువునకు సంతానసాగర మను పేరు పెట్టుట యెంత యుచితమో చూడుడు.

ఆ సాగరమునకు నీటి కొఱత గలిగెనో, ముందుచూపో, ఆఱేండ్లకు క్రీ.శ. 1415, మన్మథ సంవత్సరమున, ఆమె కుమారుడు రాచవేముడు జగనొబ్బగండ కాలువ యను పేర నొక కాలువ త్రవ్వించి దానికి నీరు చేర్చెను. అమీనాబాదు శాసన మిందులకు సాక్ష్యము. తల్లి చెఱువు త్రవ్వింపగా కొడుకు నీరు తెచ్చుట, అనగా నొక సంతానము మఱియొక సంతానమును పోషించుట, మన చరిత్రలో మిక్కిలి యందమైన ఘట్టము. కాని యీ రాచవేముడే పిమ్మట ప్రజలపై పురిటిసుంకము విధించి, దానిని సహింపని యొక బంటుచేత హతుడయ్యెనని ఐతిహ్యము గలదు. ఐతిహ్యము నిజమైనచో, సంతానసాగరమునకు నీరిచ్చిన చేయియే సంతానముపై పన్ను వేసినదన్నమాట. రాజద్రవ్యము రాజుయొక్క బుద్ధి వెంట నడచును. అది వచ్చినట్లే పోవును. చెఱువు బ్రతుకు దానిపై మాత్రమే యాధారపడరాదు.

ఇక చేతుల మాట. కడప సీమలో పోరుమామిళ్ల చెఱువు గలదు. మొదటి బుక్కరాయల కుమారుడగు భాస్కర భవదూరుడు దానిని క్రీ.శ. 1369లో ప్రతిష్ఠించెను. అచటి సంస్కృత శాసనము ఒక చిన్న తటాకశాస్త్రమే. చెఱువునకు పండ్రెండు సాధనములు, ఆఱు దోషములు అందు చెప్పబడినవి. కట్టనుండి నీ రూరుట, చౌడునేల, రెండు రాజ్యముల పొలిమేరయందుండుట, చెఱువు నడుమ మిట్ట యుండుట, నీరు కొంచెమై నేల యెక్కువగుట, నీ రెక్కువై నేల కొంచెమగుట అనునవి దోషములు. ఆఱువందల యేబదియేండ్లు గడచినను వీనిలో నొక్కటియు పాతబడలేదు. సాధనములలో మొదటిది ధర్మవంతుడగు రాజు. రెండవది జలశాస్త్ర మెఱిగిన విప్రుడు. పండ్రెండవది కట్ట కట్టుటలో నేర్పరులైన జనసమూహము. ప్రతిదినము వేయిమంది పనివాండ్రును, ఱాతికై నూఱు బండ్లును, రెండేండ్లు పనిచేసినట్లు కూడ నందే గలదు.

రాజు పేరు, రాజవంశము, భూమి యొసగబడిన విప్రుల సంగతి శాసనమున గలవు. ఆ వేయిమందిలో నొక్కని పేరైనను లేదు. ఇందులకు శాసనకర్తను నిందింపను. నాటి మర్యాద యది. కాని పండ్రెండవ సాధనము లేనిదే మొదటి పదునొకండును వ్యర్థములని శాస్త్రమే యొప్పుకొన్నది గదా. ఆ జనసమూహ మే కులమువారో శాసనము చెప్పలేదు. తెలుగు కన్నడ దేశములందు మట్టివడ్డెర యనియు, ఱాతివడ్డెర యనియు రెండు తెగలై, చెఱువులు, నూతులు త్రవ్వి, కట్టలు పోసి, బాటలు వేసి బ్రతికినవారు మన పూర్వులు. 1909లో వెలువడిన తన గ్రంథమున థర్‌స్టన్ దొరయు మనవారిని త్రవ్వకపు పనిలో నేర్పరులని వర్ణించెను. ఆ యాంగ్ల పరిపాలనమే మనవారిలోని కొన్ని శాఖలను నేరజాతుల పట్టికలలో చేర్చెను. ఆ శాసనము దేశమంతట రద్దగుటకు 1952 వఱకు వేచియుండవలసి వచ్చెను. ఒక చేత చెఱువు త్రవ్వించుకొని, రెండవచేత నేరగాండ్రని వ్రాసిన చరిత్ర యది.

మూడవది పోషణము. పూర్వపు రాజులు చెఱువుతోడనే దాని జీవికను గూడ నేర్పఱచు పద్ధతి యొకటి గలదు. దానికి దశబంధ మని పేరు. చెఱువును నిర్మించువానికి గాని, బాగుచేసి కాపాడువానికి గాని యా యాయకట్టునుండి మాన్యమో, పంటలో భాగమో యిచ్చెడివారు. అతడు దాని ననుభవించుచు తూమును, కట్టను, కలుజును కాచుకొనవలెను. నీరు విడుచువానికి వేఱు మాన్యము. కట్టకు మట్టి తోలు బండ్లకు వేఱు మాన్యము. ఎవరి కూలి యెచటినుండి రావలెనో నిర్ణయమై యుండుటచేత, రాజధానిలో రాజ్యము మాఱినను గ్రామమున పని యాగకుండెను. దీనికి తోడు రైతులందఱు కలిసి వేసవిలో కాలువ పూడిక దీయు కుడిమరామతు గలదు.

ఈ యేర్పాటు చెడిన కాలమున నేమి జరుగునో నందన నామ సంవత్సరపు కఱవు చూపినది. 1832–33లో గుంటూరు మండలమున లక్షకుపైగా జనము నశించిరి. దాని నిప్పటికిని డొక్కల కఱవనియే చెప్పుకొందురు. కుంఫిణీవారు శిస్తు వసూలుపై జూపిన శ్రద్ధ చెఱువుపై జూపలేదు. పిమ్మట 1858లో చెన్నపట్టణ ప్రభుత్వ మొక చట్టముచే, గండ్లు పడు వేళల గ్రామస్థులను నిర్బంధముగ పనికి రప్పించు నధికారమును బొందెను. మాన్యమిచ్చి చేయించిన పనిని శిక్షాభయమున చేయింప జూచిరన్నమాట. 1883లో చెఱువుల పునరుద్ధరణ పథక మారంభమయ్యెను. ప్రతి చెఱువును కొలిచి, ఆయకట్టు, తూములు, కట్ట యెత్తు లిఖించి, మరమ్మతులకు ప్రభుత్వధన మిచ్చు పథకమది. మంచిదే. కాని మాన్యములు క్రమముగ స్వంత యాస్తులై చెఱువు సేవతోడి ముడి వీడినందున, బాగుచేసిన చెఱువును మఱునాటినుండి కాచువాడు లేకపోయెను.

స్వాతంత్ర్యానంతరము మన పలనాటికి మహాభాగ్యము గలిగినది. 1955 డిసెంబరు 10న నెహ్రూ పండితుడు నాగార్జునసాగరమునకు శంకుస్థాపన చేసెను. 1967 ఆగష్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీరు విడిచెను. ఆ ఱాతి ఆనకట్టయు, కుడికాలువయు మానవహస్తముల పని. మా తండ్రిగారు కుడికాలువ త్రవ్వకమున తట్ట మోసినవారిలో నొకరు. త్రవ్విన లోతు గుఱుతునకై నడుమ విడుచు మట్టిదిబ్బ నొకదానిని కొలిచి వారి కూలి లెక్కగట్టెడివారట. ఆ కూలితోనే నాకు నక్షరాభ్యాస మయ్యెను. కాలువ నీరు వచ్చినపిదప సాగరు క్రింది గ్రామములలో ఊరచెఱువు త్రాగునీటి కుండగా మాఱినది. కాలువ విడిచినపుడు నింపుకొందుము. కట్టినప్పుడు దానినే నమ్ముకొందుము. కాలువ చేరని యెత్తు పల్లెలకు వానయే గతి. అట్టిచోట చెఱువు పూడిన బ్రతుకే పూడును.

ఈ ముప్పదియేండ్లలో ప్రభుత్వము లూరకుండలేదు. 1997లో ఆంధ్రప్రదేశమున నీటివాడుక సంఘముల చట్టము వచ్చి రైతుల కధికార మిచ్చెను. కేంద్రప్రభుత్వము 2005లో జలాశయముల మరమ్మతు, నవీకరణ, పునరుద్ధరణ పథకమును మొదలిడెను. 2006లో అనంతపురము మండలమున బండ్లపల్లెలో నారంభమైన గ్రామీణోపాధి పథకముచే లెక్కలేనన్ని చెఱువులలో పూడిక దీసిరి. 2007లో ప్రపంచబ్యాంకు 18 కోట్ల 90 లక్షల డాలర్ల ఋణముతో 3,000 చెఱువుల యభివృద్ధికి పూనుకొనబడెను. 2015లో తెలంగాణమున 46,531 చెఱువుల నుద్ధరింప మిషన్ కాకతీయయు, ఆంధ్రప్రదేశమున నీరు–చెట్టును బయలుదేఱినవి. రాచవేముని కాలువకు సరిగ ఆఱువందల యేండ్లకు తెలుగు రాష్ట్రములు రెండును చెఱువును దలచుకొన్నవి. 2022 ఏప్రిల్ 24న ప్రకటింపబడిన అమృత సరోవరములు మండలమునకు 75 చొప్పున, ఒక్కొక్కటి కనీస మెకరము విస్తీర్ణమున, 10,000 ఘనమీటర్ల నీరు పట్టునట్లు ఉద్దేశింపబడినవి.

ఈ ద్రవ్యమును తక్కువ చేయుట నా యభిమతము గాదు. పూడిక తీసిన చెఱువున నీరు నిలిచినది. ఆ యొండ్రుమట్టిని పొలములకు తోలిన రైతు ఎరువుల ఖర్చు తగ్గించుకొన్నాడు. కాని రెండు సంగతులు గమనింపవలెను. పనిలో పెక్కుభాగము జేసీబీ యంత్రములు చేసినవి. వేయిమంది రెండేండ్లు చేయుపనిని యంత్రము కొలదిదినములలో చేయును. దానితో పోటీపడుట వెఱ్ఱి. అయితే యంత్రము మూడేండ్ల కొకసారి టెండరు వెంట వచ్చును. కట్టమీద మొలచిన తుమ్మమొక్కను పెఱుకుటకు రాదు. తూమున బడిన చిన్న సందును జిగటమన్నుతో మూయుటకు రాదు. వానరాత్రి కలుజు దగ్గఱ లాంతరుతో నిలుచుటకు రాదు. ఏటేటి పోషణము నేటికిని చేతుల పనియే. ఆ చేతులకు కూలి యే పద్దున వ్రాయవలెనో పెద్ద పథకములలో స్పష్టముగ గానరాదు. రెండవది, ఆ భారమును మోయవలసిన నీటిసంఘములకు పెక్కేండ్లు ఎన్నికలే లేకుండెను. 2024 డిసెంబరున మఱల జరిగినవి. ఇది శుభసూచకము.

ఊరచెఱువునకు జెల్లు నీ న్యాయమే మహాసరస్సులకును జెల్లును. కృష్ణా గోదావరుల నడుమనున్న కొల్లేటిని చూడుడు. బుడమేరు, తమ్మిలేరు మొదలగు నేఱుల నీటిని మ్రింగి ఉప్పుటేరు ద్వారా సముద్రమునకు విడుచు మంచినీటి సరస్సది. 1999లో పక్షుల యభయారణ్యముగను, 2002లో అంతర్జాతీయ రామ్‌సార్ పట్టికయందును చేర్చబడెను. చేపలచెఱువుల గట్లు దానిని క్రమ్మివేయగా, 2006లో ప్రభుత్వము ధనమును, యంత్రములను వినియోగించి వేలాది యెకరములలో గట్లను గొట్టించెను. కొట్టుట కొలదినెలల పని. కాచుట తరముల పని. కావలి సడలినచోట గట్లు మఱల లేచినవి. సుదర్శనమునకు పట్టిన గతియే కొల్లేటికి పట్టకుండుగాక.

దీనికి మాఱుగ కంభము చెఱువును చూడుడు. విజయనగర రాజకుమార్తె వరదరాజమ్మ గుండ్లకమ్మకు కట్ట వేయించి నిర్మించినదని ప్రసిద్ధి. పోరుమామిళ్ల చెఱువును, దీనిని 2020లో అంతర్జాతీయ సేద్య సంస్థ ప్రపంచ వారసత్వ సేద్యనిర్మాణములుగ గుర్తించెను. శతాబ్దములుగ ఏటేట మట్టివేసిన యజ్ఞాతహస్తములు లేనిదే యట్టి కట్ట గౌరవము బడయుటకు మిగిలియుండునా?

కావున మహాసభ యెదుట నా విన్నపములు మూడు. మొదటిది: చెఱువుల యుద్ధరణమునకు మంజూరగు ప్రతి రూపాయిలో పదవభాగమును ఏటేటి పోషణమునకై ప్రత్యేకముగ నిలువయుంచవలెనని ప్రభుత్వమును కోరుదము. దశబంధ మను పేరే దానికి జాలును. పాతమాట యైనను లెక్క క్రొత్తదే. రెండవది: కట్ట, తూము, కలుజుల వార్షిక రక్షణమును ఆయా గ్రామములలోని మట్టిపని యెఱిగిన కుటుంబములకు, వారి శ్రామిక సంఘముల ద్వారా, నియతమైన కూలితో నప్పగింపవలెనని కోరుదము. ఇది దానము గాదు. పండ్రెండవ సాధనమును మఱల పిలుచుట. మూడవది మనలోమనకు. మన యువకులు క్వారీలకును, పట్టణములలో కట్టడపు పనులకును పోవుచున్నారు, వారిని తప్పుపట్టను. కాని మన్ను చూచి నీరు నిలుచునో లేదో చెప్పగల వృద్ధులు ఊరికి ఇద్దఱు ముగ్గురే మిగిలిరి. వారి మాటలను మన విద్యావంతులగు బాలబాలికలు వ్రాసి యుంచవలెను. ఒక్క తరము మాటాడక యూరకున్న శాస్త్రము నశించును.

సూరాంబిక పేరును శ్రీనాథుడు శిలపై నిలిపెను. సంతానసాగరమును త్రవ్వినవారి పేళ్లను నిలుప నెవరికిని తోచలేదు. ఇకమీదట నుద్ధరింపబడు ప్రతి చెఱువుకట్టపై మంత్రుల పేళ్ల ఫలకముతో పాటు, పనిచేసినవారి పేళ్లును, ఏటేట కాచువారి పేళ్లును గల ఫలకము నొకదానిని మన సంఘమే నిలుపుగాక. చదివిన బాలుడు తన తాత పేరును దానిపై జూచుకొన్ననాడు ఆ చెఱువును పూడనీయడని నా విశ్వాసము.

మేఘములు సకాలమున వర్షించుగాక. కట్టలు దృఢముగ నుండుగాక. కట్ట కాచువాని యిల్లు చల్లగ నుండుగాక.